రాష్ట్రం రాయబోయే రోడ్డు నిబంధనల్లో నడిచేవాళ్లకి, సైకిలోళ్లకి చోటెంత? అనంతపురం, కర్నూలు, కడప వాళ్లు మాట్లాడండి

గుత్తిరోడ్డు (అనంతపురం)
ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్తే. 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. మోటారు వాహనాల చట్టంలో 138(1ఏ), 210డి అని రెండు సెక్షన్లున్నాయి. వాటి కింద రాష్ట్రాలన్నీ ఆరు నెలల్లో నిబంధనలు రాయాలని జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ విశ్వనాథన్ బెంచి చెప్పింది. కోయంబత్తూరు ఎముకల డాక్టరు రాజశేఖరన్ గారు 2012లో వేసిన కేసు ఇది. ఇన్నేళ్లుగా నడుస్తానే ఉంది. మొదటి సెక్షను మోటారు లేని బండ్లు, నడిచేవాళ్ల గురించి. రెండోది జాతీయ రహదారులు కాని రోడ్లను ఏ కొలతలతో వేయాలి, ఎట్లా కాపాడుకోవాలి అనేదాని గురించి.

ఆరు నెలలంటే 2026 ఏప్రిల్ మొదటి వారం. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు నోరు విప్పాల్సింది ఇప్పుడే.

నా భయం చెప్తా. 138(1ఏ)లో "రోడ్డు భద్రత కోసం" అని మొదలుపెట్టి, నడిచేవాళ్ల, సైకిళ్ల కార్యకలాపాలనూ ప్రవేశాన్నీ "నియంత్రించే" నిబంధనలు రాష్ట్రం చేయవచ్చు అన్నారు. జాతీయ రహదారుల విషయమైతే ఎన్‌హెచ్‌ఏఐని, అంటే జాతీయ రహదారుల సంస్థని సంప్రదించి చేయాలి. నియంత్రణ అన్న మాటను ఎటైనా తిప్పొచ్చు. హైవే పక్కన "సైకిళ్లకు, పాదచారులకు ప్రవేశం లేదు" అని బోర్డు పాతినా నియంత్రణే. ఊరి దోవ హైవేని కలిసే చోట దాటడానికి దారి చూపినా నియంత్రణే. బోర్డు పాతడానికి ఖర్చు లేదు, కష్టం లేదు.

కక్కలపల్లి దగ్గర మొబ్బున చూసిండేది రాస్తున్నా. టమోటా మార్కెట్టుకి ఒక పెద్దాయన సైకిలు మీద వస్తాడు. క్యారేజీ మీద రెండు ప్లాస్టిక్ బాక్సులు, పాత ట్యూబుతో కట్టి ఉంటాయి. హైవే ఆయనకి అడ్డం. మధ్య డివైడరు. పైనుంచి తిరిగి రావాలంటే చుట్టు చాలా దూరం. అందుకని ఆయన సైకిలు స్టాండు వేసి, ట్యూబు విప్పి, ఒక బాక్సు తలమీద పెట్టుకుని సగం రోడ్డు దాటి డివైడరు మీద దించుతాడు. వెనక్కి వచ్చి రెండోది. మళ్లీ వచ్చి సైకిలు. దాన్ని భుజం మీదికి ఎత్తి అవతల దించుతాడు. అక్కడి నుంచి రెండో సగం, మళ్లీ మూడు తడవలు. లెక్కపెట్టినాను, ఒక తెల్లారుజామున ఆయన హైవే మీద పది తడవలు అటూ ఇటూ నడిచినాడు. లారీ లైట్లు పడినప్పుడల్లా డివైడరు మీద బాక్సుల పక్కన కూర్చుండిపోతాడు.

రేపు వచ్చే నిబంధన ఈయన్ని ఏం చేస్తుంది? నేరం చేసినాడు అంటుందా, దాటేదానికి దోవ ఇస్తుందా? నాకు ఇదొక్కటే తెలియాలి.

హంద్రీఒడ్డు (కర్నూలు)
ఆదివారం, ఉదయం 7:35

అన్నా, పది తడవలు అన్న లెక్క చదివి మళ్లీ మొదటికి వెళ్లి చదివినా. మా సీ క్యాంపు రైతు బజారుకి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆకుకూరల గంపలు ఎత్తుకుని వచ్చేవాళ్లదీ ఇదే కథ. చెప్తా, పని మీద పోతున్నా.

కోర్టుమెట్లు (కర్నూలు)
ఆదివారం, ఉదయం 9:10

గుత్తిరోడ్డు గారు అడిగినది సరైన ప్రశ్న. నేను వకీలుని, కాబట్టి దీంట్లో మన చేతికి ఏముందో చెప్తాను.

మోటారు వాహనాల విషయం ఉమ్మడి జాబితాలోది. 1988 చట్టం పార్లమెంటుది, 2019లో పెద్ద సవరణ జరిగింది. 138(1ఏ), 210డి ఆ సవరణతో వచ్చినవే. చట్టం కేంద్రానిదైనా వీటి కింద నిబంధనలు రాసేది మాత్రం రాష్ట్రమే. ఆ పని ఆరేళ్లుగా ఆగి ఉందని కోర్టు ఇప్పుడు గడువు పెట్టింది.

మీరంతా సెక్షను 212 గుర్తుపెట్టుకోండి. ఈ చట్టం కింద ఏ నిబంధన చేసినా ముందుగా ముసాయిదా ప్రచురించాలి. జనం దగ్గర అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. తర్వాతే గెజిట్. ఆపైన శాసనసభ ముందు పెట్టాలి. అంటే మనం ఉత్తరం రాస్తే అది దయ కోసం పెట్టుకున్న అర్జీ కాదు. ఇచ్చిన సూచనను వాళ్లు చదివి లెక్కలోకి తీసుకోవాలి. ముసాయిదా బయటికొచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది, అందుకని మాటలు ఇప్పుడే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఇంకొకటి. 2025 మే 14న ఇదే కేసులో జస్టిస్ ఓకా, జస్టిస్ భూయాన్ బెంచి ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణంలో భాగమని చెప్పింది. 21 అంటే ప్రాణహక్కు. "నియంత్రణ" అన్న మాటను దీన్ని పక్కన పెట్టి చదవడానికి వీల్లేదు. ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే ఉండాలని నా అభిప్రాయం.

లారీ_గుత్తి
ఆదివారం, మధ్యాహ్నం 1:20

నేను ఇరవై రెండేళ్లుగా లారీ నడుపుతున్నా. అందరూ రాసింది చదివినా. మా మాట కూడా వినండి సామీ.

రాత్రి పూట సైకిలుకి వెనక ఎర్రద్దం ఉండదు. నల్ల కంబళి కప్పుకుని ఎదురు దారిలో వస్తారు. లోడు బండి 60 మీద పోతా ఉంటే ఒక్క సెకనుకి పదహారు, పదిహేడు మీటర్లు పోతాది. మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి పోయే లోపలే అంత దూరం అయిపోతాది, ఆపైన బండి నిలబడాల. మనిషి తగిలితే ఆ కుటుంబం పోతాది, నా కుటుంబమూ పోతాది. పామిడి దగ్గర ఒకసారి ఒక ముసలామెను తప్పించబోయి బండి దిగువకి దింపినా. ఆమె బతికింది. ఆ రోజు నుంచి ఆ చోటు వస్తే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతాది.

అందుకే హైవే మీద సైకిళ్లు వద్దంటే నాకు తప్పనిపించలేదు, ఈ పోస్టు చదివేదాకా.

గుత్తిరోడ్డు (అనంతపురం)
ఆదివారం, మధ్యాహ్నం 2:05

అన్నా, నువ్వు రాసింది నాకు చాలా అవసరమైన మాట. నువ్వూ ఆ పెద్దాయనా ఒకే చోట ఒకే భయంతో ఉన్నారు. ఆయన వద్దనుకుంటే హైవే ఎక్కడు అనేదే నిజం కాదు. ఆయన చేను అటుపక్క, మార్కెట్టు ఇటుపక్క. బోర్డు పెడితే ఆయన ఆగడు, దొంగతనంగా దాటతాడు, ఇంకా చీకట్లో దాటతాడు. నీకు ఇంకా కనపడడు.

టీచరమ్మ_ప్రొద్దుటూరు (కడప జిల్లా)
ఆదివారం, సాయంత్రం 5:40

నేను రిటైరై ఆరేళ్లయింది. నా చిన్నప్పుడు సైకిలుకి చట్టం గట్టిగానే ఉండేది. ఏటా పన్ను కడితే రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు, దాన్ని ముందు చక్రం దగ్గర బిగించుకోవాలి. రాత్రి డైనమో లైటు లేకపోయినా, డబల్స్ పోయినా కానిస్టేబులు ఆపి గాలి తీసేసేవాడు. మా నాన్న గాలి పోయిన సైకిలు నడిపించుకుంటూ ఇంటికి రావడం నాకు గుర్తుంది. ఇప్పుడు బిళ్ల లేదు, కానిస్టేబులూ లేడు, సైకిలుకి రోడ్డులో చోటూ లేదు. రోడ్డు మీద సైకిలు ఉందన్న సంగతే ప్రభుత్వం మర్చిపోయింది.

బడికొస్తా పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చినప్పుడు మా బడిలో పంచింది నేనే. ఆ రోజు గ్రౌండులో ఆ పిల్లల ముఖాలు చూడాల్సింది. సీటు మీద కవరు కూడా తీయకుండా ఎక్కేసినారు. ఒక పిల్ల రోజూ నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చేది. అంతకుముందు వారానికి రెండు రోజులు మానేసే పిల్ల, ఆ రెండు నెలలు ఒక్క రోజు కూడా మానలేదు. తర్వాత ఒక టిప్పరు వెనకనుంచి ఆనుకున్నట్టు పోతూ హారన్ కొట్టింది. పిల్ల బెదిరి పక్క కాలువలో పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. కానీ వాళ్ల నాయన మరుసటి వారం సైకిలు అమ్మేసినాడు. "పిల్ల బతికుంటే చాలు మేడం" అన్నాడు. పదో తరగతి మధ్యలో ఆ పిల్ల చదువు ఆగిపోయింది.

సైకిలు ఇచ్చిన ప్రభుత్వమే అది పోయే దారి కూడా ఇచ్చి ఉండాల్సింది. సైకిలుని దాటి పోయే బండి ఎంత ఎడం వదలాలో నిబంధనలో అంకె వేసి రాయించండి. "జాగ్రత్తగా పోవాలి" అని రాస్తే ఆ టిప్పరు డ్రైవరు కూడా నేను జాగ్రత్తగానే పోయినానంటాడు.

సాయినగర్_అమ్మ (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:15

టీచరమ్మా, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించినా. మా పాప ఏడో తరగతి. బడి అర కిలోమీటరు. సైకిలు ఇంట్లో గోడకి ఆనించి ఉంది. రోజూ స్కూటీ మీద నేనే దింపుతా. గేటు ముందర నాలాంటోళ్ల స్కూటీలూ ఆటోలూ నిండిపోయి నడిచి వచ్చే పిల్లలకి చోటుండదు. ఆ రద్దీలో నా స్కూటీ కూడా ఉందన్న బాధ రోజూ ఉంటాది.

రిటైర్డ్_ఏఈ (కడప)
సోమవారం, ఉదయం 5:55

ముప్పై ఏళ్లు రోడ్ల పనిలో ఉన్నాను, ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) రిటైరయ్యాను. కొలతల గురించి నేను చెప్పాలి.

ఫుట్‌పాత్ ఎట్లా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసింది. దాని పుస్తకం నంబరు 103. మనుషులు నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే ఒక చక్రాల కుర్చీ, దానికి ఎదురుగా ఇంకొకటి వచ్చినా తప్పుకునేంత. రోడ్డు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే జానెడు కూడా కాదు, మామూలు ఇంటి మెట్టంత.

మన ఊళ్లలో ఏముంది? ఏడురోడ్ల కూడలి నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా చూడండి. మురికి కాలువ కట్టి పైన బండలు పరిచి ఫుట్‌పాత్ అన్నాం. బండలకి పేరున్న జిల్లా మనది, బండలకి కొరత లేదు. కానీ కాలువ పూడిక తీసినప్పుడు బండ లేపుతారు, మళ్లీ సరిగా కూర్చోబెట్టరు. ఒక బండ వంకర, ఒకటి విరిగి, ఒకటి లేదు. నిన్న సాయంత్రం టేపు పట్టుకుని మా వీధి చివర కొలిచాను. ఒక చోట ఎత్తు 38 సెంటీమీటర్లు. ఎనభై ఏళ్ల మా అమ్మ అది ఎక్కలేదు. అందుకే ఆమె గుడికి రోడ్డు మీదే నడుస్తుంది, పక్కన ఖాళీగా ఫుట్‌పాత్ ఉన్నా.

ఒక విషయం దాచకుండా చెప్తాను. అంచనాలు వేసేటప్పుడు డబ్బు చాలకపోతే మొదట తీసేది ఫుట్‌పాతే. నా చేత్తో నేనే తీసేసిన పనులున్నాయి. అప్పుడు ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ పుస్తకంలో ఉన్నది మార్గదర్శకం, నిబంధన కాదు. 210డి కింద రాష్ట్రం ఆ కొలతల్ని నిబంధనగా రాస్తే, నా తర్వాత వచ్చిన ఏఈ ఆ గీత కొట్టేయడానికి భయపడతాడు. మోటారు వాహనాల చట్టంలో 198ఏ కూడా ఉంది. కేంద్రం పెట్టిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల మనిషి చనిపోయినా అవిటివాడైనా, రోడ్డు వేయించిన అధికారి, కాంట్రాక్టరు, కన్సల్టెంటు లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. ఆ లక్ష పెద్ద మొత్తం కాదు. కానీ తప్పు రోడ్డు వేసినవాడిది కూడా అవుతుందని చట్టం ఒప్పుకున్న చోటు అది.

తోపుడుబండి (కర్నూలు)
సోమవారం, ఉదయం 10:30

పెద్దలకు నమస్కారం. మా నాయన రాజ్‌విహార్ దగ్గర పండ్ల బండి పెడతాడు. ఫుట్‌పాత్ అనగానే మొదట మా బండి లాగేస్తారు, అందుకని అడుగుతున్నా. మీ ఉత్తరంలో మా పొట్ట కొట్టే మాట ఉంటాదా?

కోర్టుమెట్లు (కర్నూలు)
సోమవారం, మధ్యాహ్నం 12:15

ఉండదు తమ్ముడూ, ఉండకూడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, టౌను వెండింగు కమిటీ పెట్టి, ఆ కమిటీలో మీవాళ్లని కూర్చోబెట్టి, మీకు చోటు చూపించాలి. ఏఈ గారు చెప్పిన 1.8 మీటర్లు నడకకి వదిలాక బండికి చోటు వేరుగా గీయాలని రాయిద్దాం. నిజానికి కర్నూలులో ఫుట్‌పాత్ మీద ఎక్కువ చోటు తినేది పండ్ల బండ్లు కాదు, షాపుల ముందు నిలబెట్టిన మోటారు సైకిళ్లు. వాటిని లాగేయమని అడిగేవాళ్లు తక్కువ.

హంద్రీఒడ్డు (కర్నూలు)
సోమవారం, సాయంత్రం 6:20

వకీలు గారు చెప్పింది కళ్లారా రోజూ చూస్తున్నదే. కొండారెడ్డి బురుజు చుట్టూ ఒకసారి నడిచి రండి. బురుజు చూడ్డానికి వచ్చిన పరాయి ఊరోళ్లు పిల్లల చేతులు పట్టుకుని ఆటోల మధ్యలో నిలబడి ఫొటో తీసుకుంటారు.

స్పీడు గురించి ఎవరూ ఎత్తలేదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్లో మున్సిపల్ రోడ్ల మీద కార్లకి గరిష్ఠ వేగం 70, మోటారు సైకిళ్లకి 60. 70 అంటే సెకనుకి 19 మీటర్లు. మా పాతబస్తీ సందులకీ ఇదే లెక్క అంటే ఎట్లా? అంతకన్నా తగ్గించే అధికారం 112వ సెక్షను కింద రాష్ట్రానికి ఉంది. బడి, ఆసుపత్రి, బజారు ఉన్న వీధికి 30 అని రాస్తే ఏ రోడ్డూ తవ్వాల్సిన పని లేదు.

ఫ్రీమాంట్_సీమోడు
మంగళవారం, తెల్లవారుజామున 3:10

మాది రాప్తాడు. కాలిఫోర్నియాలో పదకొండేళ్లుగా ఉన్నా. రోజూ సైకిలు మీదే స్టేషనుకి పోతా. ఇక్కడ కూడా ఇట్లాంటివి రాష్ట్రమే రాస్తుంది, అందుకని చెప్తున్నా.

టీచరమ్మ అడిగిన అంకె ఇక్కడ చట్టంలో ఉంది. 2014 సెప్టెంబరు 16 నుంచి సైకిలుని దాటే బండి మూడు అడుగుల ఎడం వదలాలి. 2023 నుంచి ఇంకా ముందుకు పోయినారు. పక్క లైను ఖాళీగా ఉంటే ఆ లైనులోకి మారి దాటాలి. అదే ఏడాది నుంచి ఇంకో చట్టం. క్రాసింగు లేని చోట రోడ్డు దాటినాడని మనిషికి జరిమానా వేసేదానికి లేదు, ఢీకొనే ప్రమాదం అప్పటికప్పుడు ఉంటే తప్ప. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది చిన్నది. క్రాసింగుకి 20 అడుగుల లోపల బండి పార్కు చేయకూడదు. 2025 మొదటి నుంచి గీత లేకపోయినా ఫైను వేస్తున్నారు. మూల దగ్గర కారు నిలబడకపోతే దాటే మనిషి డ్రైవరుకి కనపడతాడు. చిన్న పిల్ల కూడా కనపడుతుంది.

చట్టం రాగానే అంతా మారిపోలేదు, ఇక్కడా మనుషులు చస్తున్నారు. కానీ తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు అంకె ఉంటే సైకిలోడి మాటకి బలం వస్తుంది.

హంద్రీఒడ్డు (కర్నూలు)
మంగళవారం, ఉదయం 8:00

మూల దగ్గర పార్కింగు వద్దు అనేది మాకు సరిగ్గా సరిపోతుంది అన్నా. బళ్లారి చౌరస్తాలో మూల మీద ఆటోలు వరస కట్టి ఉంటాయి. వాళ్లకి స్టాండు వేరే చూపించి ఆ 20 అడుగులు ఖాళీ చేయిస్తే చాలు. మూడు అడుగుల ఎడం మాత్రం హైవేకి చాలదనుకుంటా. లారీ గాలికే సైకిలు ఊగిపోతాది.

లారీ_గుత్తి
మంగళవారం, ఉదయం 11:45

చాలదు. నిండు లోడుతో స్పీడులో పోయేటప్పుడు గాలి లాగుతాది. మీటరున్నర రాయండి. ఊరి రోడ్డులో మీటరు. రాత్రి సైకిలుకి ముందూ వెనకా మెరిసే స్టిక్కరు ప్రభుత్వమే ఉచితంగా అంటించాలని కూడా రాయండి. ఫైను వేయొద్దు, అంటించండి. టమోటా బాక్సులకి కూడా అంటించొచ్చు.

సాయినగర్_అమ్మ (అనంతపురం)
మంగళవారం, రాత్రి 8:30

ఒక చిన్న ప్రశ్న. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే ఏమొస్తుంది? మా ఇంట్లో పని చేసే ఆమె భర్త నడిచి పోతా ఉంటే అట్లాగే అయింది. కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

కోర్టుమెట్లు (కర్నూలు)
మంగళవారం, రాత్రి 10:05

అమ్మా, బండి దొరకకపోయినా పరిహారం ఉంది. 161వ సెక్షను కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500 ఉండేది. అర్జీ రెవెన్యూ వాళ్లకి, ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయిలో పెట్టుకోవాలి. పోలీసు కేసు కాగితం, ఆసుపత్రి కాగితాలు తీసుకుని రమ్మనండి. కాలు విరగడం తీవ్ర గాయమే. ఇక ఇట్లాంటిది 2025 మే తర్వాత జరిగితే, ఏడు రోజుల వరకూ లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స చేసే పథకం ఉంది. అది నడిచేవాళ్లకీ వర్తిస్తుంది. అర్జీ నేనే రాసిస్తాను, రుసుము వద్దు. నాకు ఇక్కడే విడిగా మెసేజ్ పెట్టండి.

2023లో దేశంలో రోడ్డు మీద చనిపోయినవాళ్లు 1,72,000 మందికి పైగా. వాళ్లలో నడిచి పోతున్నవాళ్లే 35,000 మందికి పైగా, ప్రతి ఐదుగురిలో ఒకరు. వాళ్ల ఇళ్లలో ఎంతమందికి ఈ 161 గురించి ఎవరైనా చెప్పి ఉంటారు?

గుత్తిరోడ్డు (అనంతపురం)
బుధవారం, ఉదయం 6:15

అందరి మాటలూ కలిపి ఉత్తరం రాస్తున్నా. మొదటి వాక్యం వకీలు గారిదే, 21వ అధికరణం. తర్వాత నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇట్లా రాసినా, సరిచేయండి:

"ఊరి దారి, పొలం దారి, మార్కెట్టు దారి రహదారిని కలిసే ప్రతి చోటా నడిచేవారు, సైకిళ్లు సురక్షితంగా దాటే ఏర్పాటు చేయనిదే, ఆ చోట వారి ప్రవేశాన్ని నిషేధించరాదు."

మిగతావి దీని వెనక వస్తాయి. 1.8 మీటర్లు, 150 మిల్లీమీటర్లు. ఎడం హైవేలో మీటరున్నర, ఊళ్లో మీటరు. మూలకి 20 అడుగుల లోపల పార్కింగు వద్దు. బడి, బజారు, ఆసుపత్రి వీధుల్లో 30. పండ్ల బండికి గీసిన చోటు. మెరిసే స్టిక్కర్లు.

రిటైర్డ్_ఏఈ (కడప)
బుధవారం, ఉదయం 7:40

"ప్రతి చోటా" అంటే వాళ్లు లెక్క అడుగుతారు. ఎక్కడెక్కడ అని పట్టిక లేకపోతే ఖర్చు ఎక్కువని పక్కన పెడతారు. నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి. చోట్ల పేర్లు కావాలి. మ్యాపులో చూస్తే ఊరి దారి కనపడుతుంది గానీ, మనిషి నిజంగా ఎక్కడ దాటుతున్నాడో కనపడదు.

లారీ_గుత్తి
బుధవారం, మధ్యాహ్నం 2:50

ఆ పట్టిక నేనిస్తా. గుత్తి నుంచి పెనుకొండ దాకా మనుషులు ఎక్కడ అడ్డం వస్తారో, ఏ టైములో వస్తారో నాకు తెలుసు. పామిడి దగ్గర రెండు చోట్లు, గార్లదిన్నె, సోములదొడ్డి, కక్కలపల్లి మార్కెట్టు, తపోవనం, రాప్తాడు, మరూరు, చెన్నేకొత్తపల్లి. బడి పిల్లలు వచ్చే చోట్లు వేరే, మొబ్బున మార్కెట్టుకి పోయే చోట్లు వేరే. రేపు రాత్రి ట్రిప్పు ఉంది. పక్కన క్లీనరుని కూర్చోబెట్టి కిలోమీటరు రాళ్ల నంబర్లతో సహా రాయిస్తా. శుక్రవారం ఇక్కడ పెడతా.